టార్క్ కన్వర్టర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అప్‌గ్రేడ్ ఎలా చేయాలి? తిరుపతి ఎండకు ముందు కూలర్, ఆఖరున కన్వర్టర్

టర్బో కారుకు రీమ్యాప్ (పవర్ పెంచే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించగానే చాలామంది కన్ను పడేది హై స్టాల్ కన్వర్టర్ మీద, అంటే బండి లేచేటప్పుడు ఇంజిన్‌ను ఎక్కువ ఆర్పీఎంకు ఎక్కనిచ్చే టార్క్ కన్వర్టర్ మీద. ఆ డబ్బు ముందు కూలర్‌కీ, ఆయిల్‌కీ, గేర్‌బాక్స్ కంప్యూటర్ ట్యూన్‌కీ పెట్టాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు పెద్ద శత్రువు పవర్ కాదు, వేడి. తిరుపతి, చిత్తూరుల్లో ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలే 40 డిగ్రీలు దాటుతుంది. ఆయిల్‌ను చల్లబరచాల్సింది ఆ గాలే.

ముందు మీ బండిలో కన్వర్టర్ ఉందో లేదో చూసుకోండి

రెండు పెడళ్లే ఉన్నంత మాత్రాన టార్క్ కన్వర్టర్ ఉన్నట్టు కాదు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల్లో 1.0 టర్బో ఆటోమేటిక్‌కు ఉన్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్. అవే బండ్ల 1.5 టర్బోకు వచ్చేది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల బాక్స్; అందులో కన్వర్టర్ బదులు ఉండేవి డ్రై క్లచ్‌లు. దానికి ఈ వ్యాసంలో చెప్పే కన్వర్టర్ పని ఏదీ వర్తించదు. బీఎండబ్ల్యూ ఎం340ఐలో ఉండేది జడ్‌ఎఫ్ 8హెచ్‌పీ కుటుంబానికి చెందిన ఎనిమిది గేర్ల కన్వర్టర్ బాక్స్. మీ బాక్స్ కోడ్ ఏదో, దానికి కంపెనీ ఇచ్చిన టార్క్ (తిప్పే బలం) పరిమితి ఎంతో తెలుసుకున్నాకే మిగతా మాట.

కన్వర్టర్ లోపల జరిగేది

ఇంజిన్‌తో తిరిగే పంపు ఆయిల్‌ను టర్బైన్, అంటే గేర్‌బాక్స్‌ను తిప్పే చక్రం మీదికి విసురుతుంది. వెనక్కి వచ్చే ఆయిల్‌ను మధ్యలో ఉన్న స్టేటర్ మళ్లించి పంపుకు సాయంగా పంపుతుంది. అందుకే బండి కదలక ముందు టార్క్ దాదాపు రెండింతలవుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పట్టుకుని, ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపేస్తుంది.

టర్బైన్ కదలకుండా ఇంజిన్ ఎక్కగల గరిష్ఠ ఆర్పీఎం పేరే స్టాల్ స్పీడ్. ఇది కన్వర్టర్ మీద ముద్ర వేసి ఇచ్చే స్థిరమైన అంకె కాదు. ఎక్కువ టార్క్ ఇచ్చే ఇంజిన్ వెనక బిగిస్తే అదే కన్వర్టర్ ఇంకా ఎక్కువ ఆర్పీఎంకు వెళ్తుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు బండి బరువు, టార్క్ గ్రాఫు, టైరు సైజు, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి అడగకుండా '2800 స్టాల్ ఉంది, పంపమంటారా' అనే అమ్మకందారును నమ్మకండి.

ఒక చిన్న లెక్క చూడండి. 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌ను బ్రేక్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర నిలబెడితే 105 కిలోవాట్లు అవుతుంది. బండి కదలదు కాబట్టి అదంతా వేడే. ఇంట్లో గీజరు రెండు కిలోవాట్లు. అంటే యాభైకి పైగా గీజర్లు ఒకేసారి కన్వర్టర్‌లో ఉన్న మూడు లీటర్ల ఆయిల్‌ను మరిగిస్తున్నట్టు. ఆ ఆయిల్ కదలకుండా అక్కడే ఉంటే ఐదు సెకన్లలో దాదాపు 100 డిగ్రీలు పెరగాలి. కొంత ఆయిల్ బయటికి పోయి చల్లనిది వస్తుంది కాబట్టి అంత పెరగదు. అయినా ఇలా బ్రేక్ తొక్కి చేసే స్టాల్ పరీక్ష ఐదు సెకన్లు మించకూడదనేది ఇందుకే.

మొదటి పని: కొలవండి

గేర్‌బాక్స్ డేటా చదవగల స్కానర్ పెట్టి నాలుగు అంకెలు రికార్డు చేయండి: ఆయిల్ ఉష్ణోగ్రత, ఇంజిన్ ఆర్పీఎం, టర్బైన్ ఆర్పీఎం, లాకప్ స్థితి. చౌక డాంగిళ్లలో చాలావాటికి ఇంజిన్ డేటా తప్ప గేర్‌బాక్స్ డేటా అందదు. కొనేముందే అడగండి.

రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో ఒకసారి, హైవే మీద నిలకడ వేగంతో ఒకసారి, తిరుమల రెండో ఘాట్ ఎక్కుతూ ఒకసారి తీస్తే మీ బండి జాతకం తెలుస్తుంది. ఘాట్ రోడ్డు వేగ పరీక్షకు కాదు. అక్కడ కనీస ప్రయాణ సమయం నియమం ఉంది, దాన్ని పాటిస్తూనే ఈ రీడింగ్ తీయొచ్చు. నిజానికి నెమ్మదిగా ఎక్కడమే గేర్‌బాక్స్‌కు కష్టం. బస్సు వెనక 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లాకప్ పట్టదు, కన్వర్టర్ జారుతూనే ఉంటుంది, రేడియేటర్‌కు గాలి తగలదు, ఏసీ నడుస్తూనే ఉంటుంది.

80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే దిగుల్లేదు. 110 దాటి అక్కడే నిలబడుతుంటే కూలర్ కావాలి. 120 పైన తరచూ తిరిగితే ఆయిల్ మాడి, వాల్వుల మీద వార్నిష్‌లా పేరుకుంటుంది, సీళ్లు గట్టిపడతాయి. లాకప్ పట్టాక ఇంజిన్‌కూ టర్బైన్‌కూ తేడా చూడండి. కొన్ని బాక్సులు కావాలనే 20–50 ఆర్పీఎం జారనిస్తాయి. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఆ తేడా వందల్లోకి పోతే లాకప్ చేతులెత్తేసినట్టే. తర్వాత స్కానర్‌లో వచ్చేది లాకప్ లోపాన్ని చెప్పే పి0741 కోడ్.

రెండో పని: కూలర్

ప్లేట్లు పేర్చిన రకం, అంటే స్టాక్డ్ ప్లేట్ కూలర్ తీసుకోండి. పాత గొట్టం రకం కంటే చిన్న చోటులోనే ఎక్కువ వేడి లాగుతుంది. కంపెనీ హీట్ ఎక్స్ఛేంజర్ తర్వాత, ఆయిల్ గేర్‌బాక్స్‌కు తిరిగొచ్చే లైనులో దీన్ని కలపాలి. మధ్యలో 80 డిగ్రీల చుట్టూ తెరుచుకునే థర్మోస్టాట్ పెట్టండి. మన ఊళ్లో చలెక్కడిది అని దాన్ని ఎగ్గొట్టకండి. డిసెంబరు తెల్లవారుజామున హైవే ఎక్కితే ఆయిల్ అవసరానికి మించి చల్లగా ఉండి గేర్లు మొరటుగా పడతాయి.

హోస్ పైపు 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, 150 డిగ్రీల ఆయిల్‌కు తట్టుకునేదై ఉండాలి. పెట్రోలు పైపు ముక్కకు స్క్రూ క్లిప్పు బిగిస్తే ఏదో ఒక రోజు హైవే మీద ఊడుతుంది. నిమిషాల్లో ఆయిల్ ఖాళీ, గేర్లను పట్టే లోపలి క్లచ్‌లు బూడిద. కూలర్‌ను రేడియేటర్ రెక్కల్లోంచి గుచ్చే ప్లాస్టిక్ ట్యాగులతో కట్టొద్దు, అదురుకు ఆ ట్యాగే రేడియేటర్‌ను కోస్తుంది. బ్రాకెట్ చేయించి, మధ్యలో ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. చిత్తూరు వైపు గ్రానైట్ లారీల వెనక తిరిగే బండ్లకు రెక్కల్లో దుమ్ము అట్ట కడుతుంది. నెలకోసారి వెనక నుంచి ముందుకు మామూలు నీటి ధారతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగుతాయి.

మూడో పని: ఆయిల్, ఫిల్టర్

'జీవితకాలం సరిపోయే ఆయిల్' అన్న మాట పవర్ పెంచిన బండికి చెల్లదు. 8హెచ్‌పీలో మొత్తం ఆయిల్ తొమ్మిది లీటర్లకు దగ్గరగా ఉంటుంది. సంపు (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించితే అందులో సగం పైచిలుకే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. ఆ బాక్స్‌లో ఫిల్టరు, ప్లాస్టిక్ సంపు కలిసే వస్తాయి కాబట్టి మొత్తం మార్చాలి. సంపు బోల్టులు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే. పిడికిలి బలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

డ్రెయిన్ ప్లగ్ ముట్టుకునే ముందు ఫిల్ ప్లగ్ ఊడుతోందో లేదో చూడండి. ఉన్న ఆయిల్ దించేశాక ఫిల్ ప్లగ్ బిగుసుకుపోయిందని తెలిస్తే బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది.

పాత సంపులో ఉన్న అయస్కాంతం చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు సహజం. వేలికి తగిలే ఇనుప పొట్టు, ఇత్తడి రంగు మెరుపు, నల్లటి పీచు కనిపిస్తే అప్‌గ్రేడ్ ఆపి బాక్స్ విప్పాల్సిందే. ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిట్లి కూలెంట్ కలిసింది. అప్పుడు క్లచ్ పొరలు అంటిన జిగురే ఊడిపోతుంది, ఆయిల్ మార్చి లాభం లేదు.

ఇక మన ఊరి వాళ్లే జాగ్రత్త పడాల్సిన సంగతి. ఆయిల్ మట్టాన్ని నిర్ణీత ఉష్ణోగ్రతలోనే చూడాలి. పైన చెప్పిన ఆరు గేర్ల బాక్స్‌కు 35–45 డిగ్రీలు, 8హెచ్‌పీకి 30–50 డిగ్రీలు. ఇంజిన్ నడుస్తుండగా, గేర్లన్నీ ఒక్కో దాంట్లో కొన్ని సెకన్లు ఆపి పార్క్‌కు తెచ్చి, ప్లగ్ రంధ్రం నుంచి సన్నటి ధార కారే వరకు నింపాలి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబెట్టిన బండిలో ఆయిల్ ముందే 40 దాటి ఉంటుంది, ఇంజిన్ వేశాక 50 దాటడానికి ఎంతోసేపు పట్టదు. వేడికి ఉబ్బిన ఆయిల్ మట్టం సరిపోయినట్టు చూపిస్తుంది, చల్లారాక తక్కువ పడుతుంది. మర్నాడు పొద్దున రివర్స్ ఆలస్యంగా పడుతోందంటే చాలావరకు కారణం ఇదే. బండిని రాత్రి షెడ్డులో వదిలి, ఉదయం ఆరేడు గంటలకే ఈ పని పెట్టుకోండి.

నాలుగో పని: ట్యూన్, వాల్వ్ బాడీ, క్లచ్‌లు

ఇంజిన్ టార్క్ పెరిగిందని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు తెలియకపోతే అది పాత ఒత్తిడితోనే క్లచ్‌లు నొక్కుతుంది. గేరు మారిన ప్రతిసారీ కాస్త జారుతుంది, కాస్త మాడుతుంది. ట్యూన్‌లో లైన్ ప్రెషర్ (క్లచ్‌లను నొక్కే ఆయిల్ ఒత్తిడి), గేరు మారే సమయం, లాకప్ పట్టే వేగం, టార్క్ పరిమితి మారుస్తారు. గేరు దబ్బున పడితేనే స్పోర్టీ అనుకుని ఒత్తిడి అతిగా పెంచించుకునేవాళ్లూ ఉన్నారు. దానివల్ల విరిగేవి షాఫ్టులు.

పాత హైడ్రాలిక్ బాక్సులకైతే వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వుల దిమ్మ) బిగించే షిఫ్ట్ కిట్, అంటే గట్టి స్ప్రింగులు, మార్చిన రంధ్రాల సెపరేటర్ ప్లేటు. కొత్త తరం బాక్సుల్లో ఆ పని సాఫ్ట్‌వేరే చేస్తుంది. టార్క్ కంపెనీ పరిమితి దాటితే అదనపు ప్లేట్లున్న క్లచ్ ప్యాకులు కావాలి. ప్యాక్ క్లియరెన్స్ ఫీలర్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్ అంకెకు తేవాలి. ఈ పని అచ్చంగా ఆటోమేటిక్ బాక్సులే విప్పే షాపుకు, చెన్నైకో బెంగళూరుకో పంపడం మేలు. దుమ్ము ఎగిరే షెడ్డులో వాల్వ్ బాడీ తెరవడమంటే ఇసుకలో గడియారం విప్పడమే.

అయిదో పని: కన్వర్టర్ నిజంగా కావాలా?

అమెరికన్ డ్రాగ్ కార్ల పవర్‌గ్లైడ్ బాక్స్‌కు రెండే గేర్లు, మొదటి గేరు నిష్పత్తి 1.76 లేదా 1.82. టీహెచ్400కు మూడు గేర్లు, మొదటిది 2.48. అలాంటి పొడవాటి గేరుతో బండిని లేపాలంటే ఇంజిన్ 3000 పైకి ఎగరాల్సిందే, హై స్టాల్ పుట్టింది వాటి కోసం. 8హెచ్‌పీ మొదటి గేరు నిష్పత్తి 4.7 చుట్టూ, కొత్త తరాల్లో అయిదు, ఆ పైన. దాంతో చక్రాలే పట్టు తప్పుతుంటే స్టాల్ పెంచి సాధించేది తక్కువ. పెద్ద టర్బో పెట్టి, అది 3500 దాకా మేలుకోని బండికి మాత్రం కాస్త వదులు కన్వర్టర్, అంటే స్టాల్ ఎక్కువున్నది, పనికొస్తుంది.

వదులు కన్వర్టర్‌కు ఇంకో చిక్కు ఉంది. లాకప్ లేనప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ తగ్గిపోతుంది. కొండ దిగేటప్పుడు మొదటి ఘాట్ మలుపుల్లో రెండో గేరు వేసినా బండి జారిపోతుంటే భారమంతా బ్రేకుల మీదే. నెలనెలా కొండకు వెళ్లే కుటుంబపు బండికి ఇది వద్దనే మా సలహా. అలాంటివాళ్లకు కంపెనీ స్టాల్‌కు దగ్గరగా ఉండి, రెండు మూడు ప్లేట్ల లాకప్, బ్రేజింగ్ చేసిన రెక్కలు, ఒత్తిడికి ఉబ్బని గట్టి ముందు కవరు ఉన్న కన్వర్టర్ సరైనది.

బిగించే తీరు

బ్యాటరీ నెగటివ్ తీసి, బండిని సమంగా లేపి, ఆయిల్ దించండి. ప్రొపెల్లర్ షాఫ్టుకు గుర్తు పెట్టి విప్పండి. కన్వర్టర్‌ను ఫ్లెక్స్ ప్లేటుకు (ఇంజిన్ వెనక తిరిగే పలుచటి చక్రం) పట్టే బోల్టులు ముందు, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆనే బాక్స్ ముందు భాగం) బోల్టులు తర్వాత. బాక్స్ బరువు ఎప్పుడూ గేర్‌బాక్స్ జాకీ మీదే ఉండాలి, ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు. ఇంజిన్ బ్లాకుకు ఉండే రెండు డవల్ పిన్నులు ఉన్నాయో లేదో చూడండి. ఒకటి పోయినా బాక్స్ వెంట్రుకవాసి పక్కకు కూర్చుని పంపు బుష్‌ను తినేస్తుంది.

పాత బాక్స్‌లో పొట్టు కనిపించి ఉంటే కూలర్ లైన్లు కడగడం కాదు, కూలర్‌నే మార్చండి. ప్లేట్ల సందుల్లో ఇరుక్కున్న పొట్టు పూర్తిగా రాదు.

కొత్త కన్వర్టర్‌లో ఒక లీటరు ఆయిల్ పోసి, మెడకు, కొత్త సీలుకు ఆయిల్ రాసి, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నెట్టండి. టర్బైన్ షాఫ్టు, స్టేటర్ షాఫ్టు, పంపు ఒక్కొక్కటే అందుకుంటుంటే 'టక్' మని రెండు మూడు సార్లు లోపలికి దిగుతుంది. ఆఖరి టక్ వినకుండా బాక్స్‌ను ఇంజిన్‌కు బోల్టులతో లాగి బిగించారా, పంపు అక్కడే పగిలింది. బెల్ హౌసింగ్ చేత్తోనే బ్లాకుకు ఆనాలి, బోల్టుతో లాగాల్సి వస్తే వెనక్కి తీసి మళ్లీ కూర్చోబెట్టండి.

ఇప్పుడు కన్వర్టర్‌ను వెనక్కి పూర్తిగా నెట్టి, దానికీ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య ఖాళీ కొలవండి. పాత జీఎం తరహా బాక్సులకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు, మిగతావాటికి కన్వర్టర్ తయారీదారు అంకె. అస్సలు ఖాళీ లేకపోతే పంపు మీద తోపుడు పడుతుంది. మరీ ఎక్కువైతే మెడ పంపులో పూర్తిగా పట్టదు, వాషర్లతో సరిచేయాలి. బోల్టు పొడవు తేడా వస్తే ఇంకో ప్రమాదం. రెండు మిల్లీమీటర్లు పొడుగైనా కవరును లోపలికి నొక్కి లాకప్ ముఖాన్ని సొట్ట చేస్తుంది.

బండి వేశాక

ఇంజిన్ వేయగానే కన్వర్టర్ ఆయిల్ తాగుతుంది, పక్కనే పంపు పట్టుకుని పోస్తూ ఉండండి. మట్టం చూశాక స్కానర్‌తో అడాప్టేషన్ విలువలు (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న పాత సర్దుబాట్లు) చెరిపేసి, మాన్యువల్ చెప్పిన క్రమంలో మళ్లీ నేర్పండి. మొదటి 300–500 కిలోమీటర్లు మెత్తగా నడపాలి, కొత్త లాకప్ పొర కుదురుకోవడానికి. తర్వాత సంపు అయస్కాంతం ఇంకోసారి చూడండి.

పూర్తి వేగం పరీక్షకు చిత్తూరు–బెంగళూరు హైవే కాదు, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది, రోజు బుక్ చేసుకోండి. బిగింపుల సంగతి వారెంటీ ఇచ్చిన కంపెనీకీ, ఇన్సూరెన్స్ వారికీ ముందే చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలు మారేలా బండిని మార్చకూడదు. వేరే రకం గేర్‌బాక్స్ మార్పిడి ఆలోచన ఉంటే సామాను కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.