తిరుపతి నుంచి చెన్నై: ఒక్క రోజులో ఏది ముందు, ఏది వెనుక

తెల్లవారుజామున రైలెక్కి, చెన్నై చూసుకుని రాత్రికి తిరుపతికి తిరిగి రావాలనుకునేవారు ముందుగా వారం చూసుకోవాలి. ఎగ్మూరు మ్యూజియానికీ, కోట మ్యూజియానికీ శుక్రవారం సెలవు. మనవాళ్లు చాలామంది దిగీదిగగానే మెరీనాకు వెళ్తారు. అక్కడ ఎండకు అలసిపోయి, గుడికి వెళ్లేసరికి తలుపులు మూసి ఉండటం చూసి నిరాశపడతారు. పగలు మ్యూజియం, కోట, సాయంత్రం గుడి, చివరగా సముద్రం అనే వరుస పాటిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే ఎగ్మూరు. అక్కడికి దగ్గరలో ఉన్న ప్రభుత్వ మ్యూజియాన్ని 1851లో స్థాపించారు. దీనికి కనీసం రెండు గంటలైనా కేటాయించాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మన అమరావతి స్తూపపు శిల్పాలలో లండన్‌కు తరలిపోగా మిగిలినవాటిలో చాలా భాగం ఇక్కడే ఉంది. వాటిలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకాన్ని తప్పక వెతికి చూడండి. ఎడమవైపు మదించిన ఏనుగు వీధిలో మనుషులను తొక్కుతూ, ఒకరిని తొండంతో పట్టి లాగుతుంటుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. పైన మేడ కిటికీల నుంచి జనం తొంగి చూస్తుంటారు. ఒక్క రాతిలో కథంతా నడిపించిన ఆ శిల్పిని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కంచు విగ్రహాల విభాగంలో తిరువాలంగాడు నటరాజమూర్తిని కూడా దర్శించుకోవాలి. ఉదయం మీ రైలు అరక్కోణం దాటాక వచ్చిన తిరువాలంగాడే ఆ ఊరు.

భోజనం ముగించుకుని ఆటోలో సెయింట్ జార్జ్ కోటకు వెళ్లవచ్చు. చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజుల కింద నాయకుడైన దామెర్ల వేంకటాద్రి 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన స్థలమిది కనుక, చంద్రగిరి కోట చూసినవారికి దీనితో చుట్టరికం ఉన్నట్టే. లోపల సచివాలయం కూడా ఉన్నందున తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. మ్యూజియంతో పాటు 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చినీ చూస్తే చాలు.

సాయంత్రం తిరువల్లిక్కేణి పార్థసారథి ఆలయానికి చేరుకోవాలి. తిరుమలేశుని భక్తుడైన సుమతి అనే రాజు స్వామిని సారథి రూపంలో చూపమని వేడుకున్నాడని స్థలపురాణం. మూలవిరాట్టు వేంకటకృష్ణుడికి మీసాలుంటాయి.

అక్కడి నుంచి మెరీనాకు నడిచే వెళ్లవచ్చు. మామిడి ముక్కలు, కొబ్బరి కలిపిన బఠాణీ గుగ్గిళ్లను అక్కడ సుండల్ అంటారు. వేడివేడిగా తిని చూడండి. నీళ్లలోకి మాత్రం దిగవద్దు, పిల్లలను అసలే దిగనివ్వవద్దు. లోపలికి లాగే ప్రవాహాల వల్ల ఈ తీరంలో ఎన్నో ప్రాణాలు పోయాయి.

తిరుపతి బస్సులు మాధవరం బస్టాండు నుంచి బయలుదేరుతాయి. అది నగరానికి ఉత్తరపు కొసన ఉంది, సాయంత్రపు రద్దీలో గంట దాటినా ఆశ్చర్యం లేదు కనుక, ఏడున్నరకల్లా బీచి నుంచి కదలడం మంచిది.