కెనడా పోయే అమ్మానాన్నలకు ఒక కండక్టరు చెప్పే సంగతులు

మా వీధిలో ఇప్పటికి మూడిళ్ళ పిల్లలు కెనడాలో ఉన్నారు. తల్లిదండ్రులకు వీసా రాగానే ముందు కొండకు పోయి దండం పెట్టుకుంటారు, తర్వాత మా ఇంటికి వస్తారు. "అన్నా, ఆడ తిండి ఎట్లా? మాట ఎట్లా?" ప్రతిసారీ మొదటి నుంచి చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే రాసి పెడుతున్నా.

నేను ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్ళు కండక్టరుగా చేశాను, ఎక్కువ కాలం తిరుపతి-చిత్తూరు రూటులో. రిటైరయ్యాక మా ఆవిడతో కలిసి అంటారియోలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను. వాళ్ళుండే ఊరు కిచెనర్. పేరు వినగానే మా ఆవిడ "వంటింట్లో పెట్టేదానికే పిలిపిస్తా ఉండాడా?" అంది.

ముందు చిల్లర నేర్చుకోండి. నోరు తిరగకపోయినా చెయ్యి తిరిగితే సగం భయం పోతుంది. ఒక డాలరు బిళ్ళను లూనీ అంటారు. 1987లో వచ్చింది, దాని మీద లూన్ అనే నీటిపక్షి బొమ్మ ఉంటుంది. తర్వాత 1996లో రెండు డాలర్ల బిళ్ళ వస్తే దానికి టూనీ అని పేరు పడింది. టూనీ చూడగానే నాకు మన పది రూపాయల బిళ్ళే గుర్తొచ్చింది, కాకపోతే తిరగేసినట్టు ఉంటుంది. మనది చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు. వాళ్ళది చుట్టూ తెలుపు, మధ్యలో పసుపు. మన బిళ్ళను తీసుకోమని ఇక్కడ అంగళ్ళ దగ్గర ఎంత పోట్లాడాలో తెలుసు కదా, అక్కడ టూనీకి ఆ బాధ లేదు.

ఇంకో సంగతి వింటే కండక్టరుగా పనిచేసినవాడెవడైనా ఎగిరి గంతేస్తాడు. ఒక సెంటు బిళ్ళను 2013 నుంచి బ్యాంకులకు పంపడం మానేశారు. నగదుగా కడితే మొత్తాన్ని దగ్గరి ఐదు సెంట్లకు సర్దుతారు. 4.62 అయితే 4.60, 4.63 అయితే 4.65. కార్డుతో కడితే సెంటుతో సహా పోతుంది. నా సర్వీసులో సగం గొడవలు ఆ రూపాయి చిల్లర కోసమే!

అరలో రాసిన ధర చూసి సరిగ్గా అంతే పట్టుకుని బిల్లు దగ్గరికి పోవద్దు. పన్ను అక్కడ కలుపుతారు, అంటారియోలో 13 శాతం. పాలు, బియ్యం, కూరగాయల మీద ఉండదు. డోనట్లది మాత్రం వింత లెక్క. ఐదు కొంటే పన్ను, ఆరు కొంటే లేదు. ఐదైతే అప్పటికప్పుడు తినేస్తారని, ఆరైతే ఇంటికి తీసుకుపోతారని సర్కారు వారి లెక్క. మా మనవరాలు ఈ సంగతి నాకంటే ముందే కనిపెట్టింది.

ఇక కాఫీ. ఆ దేశంలో ఏ ఊరికి పోయినా టిమ్ హార్టన్స్ కనిపిస్తుంది. 1964లో హామిల్టన్‌లో ఒక హాకీ ఆటగాడి పేరు మీద మొదలైంది, అందరూ టిమ్స్ అనే అంటారు. క్యూలో నిలబడి, వంతు రాగానే ఒకే ముక్క చెప్పండి: "స్మాల్ డబుల్ డబుల్, ప్లీజ్." రెండు పాళ్ళు క్రీము, రెండు పాళ్ళు చక్కెర అని అర్థం. ఈ మాట ఎంత వాడుకలోకి పోయిందంటే 2004లో కెనడియన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కించారు. వాళ్ళ స్మాల్ అంటే మన హోటల్ గ్లాసుకు రెండింతలకు పైనే, మీడియం జోలికి పోవద్దు. చిక్కటి డికాక్షను, పైన నురగ వస్తుందని ఆశపడొద్దు. నన్నడిగితే కాఫీ కంటే స్టీప్డ్ టీ డబుల్ డబుల్ మేలు, మన టీకి కాస్త దగ్గరి చుట్టం. పక్కన టిమ్‌బిట్స్ అని నిమ్మకాయంత డోనట్ ఉండలు అమ్ముతారు. గుడ్డు ముట్టని వాళ్ళు అడిగి తీసుకోండి.

ఇదంతా తెలియక ముందు, వేరే ఒక కాఫీ షాపులో, స్ట్రాంగుగా కావాలని "డబుల్ కాఫీ" అన్నాను. ఆ పిల్ల రెండు కప్పులు చేతిలో పెట్టింది. తప్పు నాదే. రెండు చేతుల్లో రెండు కప్పులతో వెనక్కి తిరుగుతూ ఒకాయన కాలు తొక్కాను. ఆయన "సారీ" అన్నాడు! తొక్కింది నేను, సారీ ఆయన! మన బస్సులో అయితే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఆ దేశంలో సారీకి "తప్పు నాది" అని అర్థం లేదు, "అయ్యో" అన్నట్టు. సారీ చెప్పినంత మాత్రాన కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు కాదని అంటారియోలో 2009లో చట్టమే చేశారు. మీరూ ధారాళంగా వాడండి.

"ఏ" అనే ఇంకో మాట ఉంది, వాక్యం చివర తగిలిస్తారు. "చలిగా ఉంది, ఏ?" దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు. మన చిత్తూరు వైపు "చలిగా ఉంది కదప్పా" అనడంలో ఆ "కదప్పా" ఎంతో, అది అంతే. జవాబుగా తల ఊపితే చాలు. ఇంగ్లీషు చివరి అక్షరాన్ని మనలాగే "జెడ్" అంటారు, అమెరికా వాళ్ళ "జీ" కాదు. బాత్రూమ్ కావాలంటే వాష్‌రూమ్ అని అడగాలి. టూక్ అంటే ఉన్ని టోపీ, మన మంకీ క్యాప్‌కు చెల్లెలు. అబ్బాయి "హైడ్రో బిల్లు వచ్చింది" అంటే నీళ్ళ బిల్లు అనుకుని ట్యాపు గట్టిగా కట్టేసి వచ్చాను. అది కరెంటు బిల్లు. అంటారియోకు మొదట్లో కరెంటు నయాగరా లాంటి జలపాతాల నుంచే వచ్చింది కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది.

మా ఆవిడకు అసలు సమస్య పెరుగు. పెరుగన్నం లేకపోతే ఆమెకు భోజనం అయినట్టే కాదు. అంటారియోలో పాలు సంచుల్లో వస్తాయి. పెద్ద సంచిలో మూడు చిన్న సంచులు, మొత్తం నాలుగు లీటర్లు. చిన్న సంచిని అలాగే ప్లాస్టిక్ జగ్గులో నిలబెట్టి, మూల కత్తిరించి, ఆ జగ్గుతోనే వంచుకోవాలి. కోత వేలి గోరంత ఉంటే చాలు. మా ఆవిడ మన పాల ప్యాకెట్టు కోసినట్టు బారుగా కోసింది. వంచితే పాలు గ్లాసులో కాకుండా గట్టు మీద పడ్డాయి.

ఏ సంచి కొనాలనేది ముఖ్యం. 1 శాతం, 2 శాతం కొవ్వు అని రాసినవి నీళ్ళ పాలు. 3.25 శాతం ఉన్నది తీసుకోండి. దాన్ని "హోమో మిల్క్" అంటారు. హోమోజెనైజ్డ్‌కు పొట్టి పేరు, సిగ్గుపడకుండా అడగండి. తోడుకు కొనే డబ్బా మీద ప్లెయిన్ అని ఉంటే సరిపోదు, వెనక పదార్థాల జాబితా చదవండి. కొన్నింట్లో జెలటిన్ కలుపుతారు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. పాలు, బ్యాక్టీరియా తప్ప ఇంకేమీ లేనిదే కొనండి. డబ్బా మీద ఫ్రెంచి కనబడితే కంగారు పడొద్దు, అవతలి వైపు తిప్పితే ఇంగ్లీషు ఉంటుంది. రెండూ ఉండాలని అక్కడ చట్టం. తిరుపతిలో తెలుగూ అరవమూ కలిసిన బోర్డులు చదివినవాళ్ళకు అదెంత పని! పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి, ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు మాత్రం వేసి వదిలేయండి. పొయ్యి వెలిగించొద్దు. బయట మంచు పడుతున్నా ఆ బల్బు వేడికే తెల్లారేసరికి గడ్డపెరుగు.

ఈ పెరుగు ధ్యాసలోనే ఇంకో చోట దెబ్బతిన్నాం. పూటీన్ అని క్యూబెక్ వాళ్ళ వంటకం ఉంది, 1950ల చివర్లో పుట్టింది. బంగాళాదుంప వేపుడు మీద "చీజ్ కర్డ్స్" వేసి గ్రేవీ పోస్తారు. కర్డ్స్ అన్న మాట వినగానే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. వచ్చిందేమో ముద్దముద్దగా చీజు. పెరుగు కాదు, జున్నుగడ్డ అవ్వకముందు విరిగిన పాలముక్కలు. తాజావైతే పంటి కింద కీచుమంటాయి. అంతకంటే పెద్ద సంగతి గ్రేవీది. మామూలుగా గొడ్డుమాంసం లేదా కోడి రసంతో చేస్తారు. "వెజిటేరియన్ గ్రేవీ ఉందా?" అని అడగకుండా చెంచా పెట్టొద్దు. మేము అడిగాం, లేదన్నారు, ఉత్త వేపుడే తిని వచ్చాం.

చిత్తూరు జిల్లావాళ్ళు తప్పక చూడాల్సింది మేపుల్ సిరప్ కాచే చోటు. కిచెనర్ పక్కనే ఎల్మైరాలో ఏటా చలి తగ్గే వేళ దీనికొక పండుగే చేస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉండే రోజుల్లో మేపుల్ చెట్టుకు చిన్న బెజ్జం వేస్తే నీళ్ళలాంటి రసం కారుతుంది. నలభై లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు సిరప్. ఆ ఆవిరి మొహానికి కొట్టగానే పూతలపట్టు దగ్గర మా మామ గానుగ గుర్తొచ్చింది. అదే పొగ, అదే తీపి వాసన, పాకం ఎప్పుడొస్తుందా అని కొప్పెర చుట్టూ మూగిన పిల్లలు. మా మామ పాకం చుక్కను నీళ్ళలో వేసి చూసేవాడు. వాళ్ళు మరిగే పాకాన్ని మంచు మీద పోస్తారు. అది సాగుతుండగానే పుల్లకు చుట్టి మన చేతికిస్తారు. పళ్ళు కట్టుడువైతే జాగ్రత్త.

కొనేటప్పుడు "ప్యూర్ మేపుల్ సిరప్" అని ఉందో లేదో చూడండి. "టేబుల్ సిరప్" అంటే రంగు వేసిన చక్కెర పాకమే. డార్క్ రకం మన అట్లలోకి బాగుంటుంది. ఊరికి తెచ్చేటప్పుడు పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు.

ఇంటికొచ్చాక చేసి పెట్టాలంటే నానైమో బార్ అనే అక్కడి మిఠాయి చేయండి. వాంకూవర్ దీవిలోని నానైమో ఊరి పేరు. పొయ్యిలో కాల్చే పని లేదు, మూడు పొరలు, అంతే. తిరుపతిలో దొరికే వస్తువులతో నా లెక్క ఇది.

అడుగు పొరకు ఉప్పు లేని వెన్న 115 గ్రాములు, పావు కప్పు చక్కెర, ఐదు పెద్ద చెంచాల కోకో పొడి (కింద చెంచా అన్నదంతా పెద్ద చెంచానే). మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగించండి. అక్కడ గుడ్డు వేస్తారు, మా ఇంట్లో మూడు చెంచాల పాలు. దించి 200 గ్రాముల మేరీ బిస్కెట్ల పొడి, ఒక కప్పు ఎండుకొబ్బరి పొడి, అర కప్పు పలుకులు కలపండి. వాళ్ళు బాదం వేస్తారు, నేను వేయించి పొట్టు తీసిన చెనిక్కాయలు వేస్తాను, అదే రుచి. జానెడు పళ్ళెంలో గట్టిగా అదిమి ఫ్రిజ్‌లో పెట్టండి.

మధ్య పొర మెత్తటి వెన్న ఇంకో 115 గ్రాములు, రెండు కప్పుల చక్కెర పొడి, రెండు చెంచాల కస్టర్డ్ పౌడరు, మూడు చెంచాల పాలు. తెల్లగా పొంగేదాకా గిలకొట్టి పరచండి. మొదటిసారి బ్రెడ్డుకు పూసే ఉప్పు వెన్న వేశాను, ఉప్పు బిస్కెట్టు తిన్నట్టుంది.

పై పొరకు 115 గ్రాముల డార్క్ చాక్లెట్, రెండు చెంచాల వెన్న కరిగించి, ఆరనిచ్చి పోయండి. ఈ "ఆరనిచ్చి" దగ్గరే నేను రెండోసారి చెడగొట్టాను. మే నెల, కరెంటు పోయింది, తొందరపడి వేడిగా పోశాను. కస్టర్డ్ కరిగి పైకి తేలి పళ్ళెమంతా బురద. చాక్లెట్ సగం గట్టిపడగానే కత్తితో గీతలు పెట్టుకోండి. పూర్తిగా బిగిశాక కోస్తే పగులుతుంది. వేడినీళ్ళలో ముంచిన కత్తితో చిన్న ముక్కలే కోయండి, తీపి చాలా ఎక్కువ.

మూడోసారి కుదిరింది. పక్కింటి అన్న ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలాడు. "మధ్యలో ఆ పసుపుది ఎందుకప్పా, పాలకోవా పెట్టుంటే సరిపోవును కదా" అన్నాడు. కోవాలో ఎటూ తీపి ఉంటుంది కాబట్టి చక్కెర పొడి అర కప్పుకు దించి, ఈసారి అలా చేసి చూస్తాను.