శాస్త్ర పదాన్ని విడదీసి గ్రీకు, లాటిన్ మూలాలు పట్టుకోవడం ఎలా?
ముందు పదాన్ని ఇంగ్లిష్ స్పెల్లింగులో కాగితం మీద రాసుకోండి. తెలుగు లిపిలో ఫోటోకీ ఫంగస్‌కీ ఒకే 'ఫ' వస్తుంది. స్పెల్లింగులో మొదటిది పి-హెచ్, రెండోది ఎఫ్. పి-హెచ్, ఆర్-హెచ్, 'క' అని పలికే సి-హెచ్, మాట మధ్యలో వై కనిపిస్తే చాలావరకు అది గ్రీకే.

తర్వాత అతుకు వెతకండి. గ్రీకు ముక్కలను ఎక్కువగా 'ఒ' కలుపుతుంది: థర్మ్-ఒ-మీటర్. లాటిన్‌లో ఆ పని 'ఇ'ది: కార్న్-ఇ-వోర్. రెండో ముక్క అచ్చుతో మొదలైతే అతుకు సాధారణంగా లోపిస్తుంది. న్యూర్ (నరం), ఆల్జియా (నొప్పి) కలిసి న్యూరాల్జియా అయింది అలాగే. సంధులు చదివినవాళ్లకు ఇదేం కొత్త కాదు. 'లేదు' అనే గ్రీకు 'అ' కూడా అచ్చు ముందు 'అన్' అవుతుంది, మన అనారోగ్యంలో లాగా. అన్, హైమా (నెత్తురు) కలిస్తే ఎనీమియా. పదం మొదట్లోని 'హ'ను గ్రీకులో హల్లుగా లెక్కించరు.

చెవికి విరిగినట్టు వినిపించిన చోటే కోస్తే తప్పుతుంది. హెలికాప్టర్‌ను హెలి, కాప్టర్ అని విరుస్తుంటారు. అసలు ముక్కలు హెలికో, ప్టెర్. ప్టెరాన్ అంటే రెక్క. మొదటి ముక్క నిఘంటువులో హెలిక్స్ (మెలిక) దగ్గర ఉంటుంది. రూపం కలవలేదని వదిలేయకండి, పక్కనే ఇచ్చే షష్ఠీ విభక్తి చూడండి: హెలికోస్. హైమాకు షష్ఠి హైమాటోస్. హీమటాలజీలో (నెత్తురు గురించిన శాస్త్రం) 'ట' అక్కడిదే.

వైద్య పదాలైతే చివరి నుంచి చదవండి. హైపోగ్లైసీమియాలో ఈమియా నెత్తురు సంగతి, గ్లైక్ తీపి, హైపో తక్కువ: నెత్తురులో చక్కెర తగ్గింది.

ఒకేలా కనిపించే ముక్కల దగ్గర ఆగి చూడండి. హోమోజీనియస్‌లో హోమో గ్రీకు, అర్థం 'ఒకే'. హోమో సేపియన్స్‌లోది లాటిన్, అర్థం 'మనిషి'.

అర్థం తేలాక, ఆ పేరు ఎప్పుడు ఎందుకు పెట్టారో కూడా చూడాలి. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలోనూ అది ఉంటుందని నమ్మి ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోజియే 1777లో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని 1810లో ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త డేవీ తేల్చాడు. అయినా పేరు నిలిచిపోయింది, మన 'ఆమ్లజని'లోకీ ఆ పొరపాటు దిగింది. విటమిన్ విషయంలో మాత్రం సవరించారు. 1912లో జీవరసాయన శాస్త్రవేత్త ఫంక్ లాటిన్ వీటాకు (జీవం) అమైన్ (నైట్రోజన్ ఉండే ఒక రకం రసాయనం) చేర్చి ఆ పేరు పెట్టాడు; అవన్నీ అమైన్లు కావని తెలిశాక, 1920లో స్పెల్లింగు చివరి 'ఈ' తీసేశారు.