కొల్లేటి నీరు ఎక్కి దిగేటప్పుడు తామర, కలువ, గుర్రపు డెక్క ఏం చేస్తాయో దగ్గరుండి చూడటం ఎలా

ముందు ఒక మాట, నీటి మీద పచ్చగా కనిపించేదాన్నంతా నాచు అనేసి వదిలేయకండి. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు వచ్చి ఇందులోనే పడతాయి, ఆ నీరంతా సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి, కాబట్టి నీరు ఎక్కడం త్వరగా ఎక్కుతుంది, తీయడం మాత్రం నెమ్మదిగా తీస్తుంది. ఇలాంటి చోట బతకాలంటే మొక్క ముందు రెండు దారులున్నాయి: నీటితో పాటు తేలిపోవడం, లేదంటే మట్టిలో పాతుకుని ఉండి కాడను సాగదీయడం. మీరు చూడాల్సింది ఈ రెండే.

జూన్‌లో, నీరు తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఒక వెదురు కర్ర మీద 10 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున పెయింట్‌తో గుర్తులు పెట్టి, గట్టు పక్కన ఎప్పుడూ నీరుండే చోట పాతండి. కొల్లేరు అభయారణ్యం కాబట్టి అక్కడ కర్ర పాతడం, మొక్క పీకడం లాంటివి చేయొద్దు, అక్కడ చూసి ఫోటో తీసుకుంటే చాలు. ఈ కర్ర పని మీ ఊరి చెరువులో పెట్టుకోండి, అదీ ఊళ్లో ఒక మాట చెప్పి. వారానికోసారి తేదీ, కర్ర మీద నీరు ఎంతవరకు ఉందో రాసుకుని, అదే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. రెండు నెలలయ్యాక ఫోటోలు వరసగా పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

తేలేవాటిలో గుర్రపు డెక్కతో మొదలుపెట్టండి, ఎక్కడైనా దొరుకుతుంది. ఒక మొక్క తీసుకుని ఆకు కింద ఉబ్బిన కాడను అడ్డంగా కోయండి, లోపలంతా స్పాంజిలా గాలి గదులే. దాన్ని నీళ్లలో ముంచి పిండితే బుడగలు బుడబుడమని వస్తాయి. నీరు మీటరు పెరిగినా దీనికి టెన్షన్ లేదు, వేళ్లు నేలకు తగలవు కాబట్టి నీటితో పాటే పైకి లేస్తుంది. విడిగా తేలే మొక్కకు కాడ బుడ్డలా ఉబ్బి ఉంటుంది, గుంపులో ఇరుక్కున్నదానికి సన్నగా, పొడుగ్గా పెరుగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, వేరే మొక్కలేమో అనిపిస్తుంది. దీని పుట్టిల్లు అమెజాన్ పరీవాహకం. అక్కడ బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర నది ఏటా సుమారు 10 మీటర్లు ఎక్కి దిగుతుంది. అంతటి ఆటుపోట్లకు అలవాటు పడ్డ మొక్కకు మన చెరువు ఏపాటి!

తూటికూర తేలడానికీ, పాతుకోవడానికీ మధ్యలో ఉంటుంది. వేరు గట్టు దగ్గరే, డొల్ల కాడ మాత్రం నీటి మీద తేలుతూ లోపలికి పాకుతుంది, నీరు తీయగానే కణుపు కణుపుకీ వేళ్లు దిగి బురదలో నిలదొక్కుకుంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది కలువ. దీన్ని చెరువులో కంటే ఇంటి దగ్గర డ్రమ్ములో చూడటమే మేలు, ఎందుకంటే నీటి లోతు మీ చేతిలో ఉంటుంది. చిన్న కుండీలో బంకమట్టి నింపి దుంప నాటండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్టు వేయొద్దు, పైకి తేలి నీళ్లంతా పాడవుతాయి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో ఇటుకలు పేర్చి, కుండీ మీద జానెడు నీళ్లే ఉండేలా పెట్టండి. దోమలు పట్టకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి. నాలుగైదు ఆకులు వచ్చి కుదురుకున్నాక రెండు ఇటుకలు తీసేయండి, ఆకులు మునిగిపోతాయి. అప్పుడు ఒక లేతాకు కాడకు, ఒక ముదురాకు కాడకు రంగు దారాలు కట్టి రోజూ పొద్దున్నే స్కేలుతో కొలవండి. ముదురాకు పెద్దగా సాగదు, పరుగంతా లేతాకుదే. మా మేడ మీద డ్రమ్ములో అయితే మూడో రోజు పొద్దుటికి లేతాకు పైకి వచ్చి, అంచులు ఇంకా సగం చుట్టుకునే, నీటి మీద పరుచుకుంటోంది. చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

అది సాగడానికి కారణం ఇథిలీన్, మామిడికాయలు మగ్గేటప్పుడు వచ్చే వాయువే. మొక్కలో ఇది ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, మామూలుగా గాల్లో కలిసిపోతుంది. నీటిలో వాయువులు కదలడం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది కాబట్టి, ఆకు మునిగితే ఇథిలీన్ బయటికి పోలేక కాడలోనే పోగవుతుంది, మొక్కకు అదే కబురు, మునిగావు, లే అని. ఆకు పైకి రాగానే గాలి తగిలి ఇథిలీన్ పోతుంది, సాగడం తగ్గిపోతుంది. కానీ ఒక్కసారే నాలుగు ఇటుకలు తీయొద్దు. ఇలా సాగడానికి కావాల్సిన బలమంతా దుంపలో దాచుకున్న పిండిదే, అది అయిపోతే మొక్క పోతుంది. వరద మరీ హఠాత్తుగా వస్తే చెరువులో జరిగేదీ ఇదే.

తామర కాడ దొరికితే (పూల అంగట్లో అడగండి) ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదండి. అవతల బుడగలు వస్తాయి. బురదలో ఊపిరాడని దుంపకు గాలి వెళ్లేది ఆ సన్న గొట్టాల్లోంచే.

నీరు తీసేటప్పుడు చూడటం చాలామంది మానేస్తారు, అసలు సంగతి అక్కడే ఉంది. పొడుగు కాడల ఆకులు వాలి దూరదూరంగా పరుచుకుంటాయి, తర్వాత వచ్చే ఆకులకు కాడలు పొట్టిగా ఉంటాయి. గుర్రపు డెక్క బురద మీద కూలబడి ఎండినట్టు కనిపిస్తుంది. చచ్చిందిలే అని వదిలేయకండి, మెల్లగా లాగి చూస్తే తడి మట్టిని పట్టుకున్న వేళ్లు కనిపిస్తాయి. పూసినప్పుడు రాలిన గింజలు అడుగు మట్టిలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. నీరు తీసి, బురదకు ఎండ తగిలిన వారం పది రోజుల తర్వాత గట్టు దగ్గర గొంతుక్కూర్చుని చూడండి, గడ్డిపోచలా సన్నగా, చదునుగా ఉన్న ఆకులతో గోరంత మొలకలు కనిపిస్తాయి, ఉబ్బిన కాడ ఇంకా రాదు కాబట్టి మొదట గుర్తుపట్టలేరు. వాటిని పీకాలంటే అదే అదను, నీరు మళ్లీ ఎక్కకముందే.