వార్షిక సదస్సుకు అతిథిని పిలిచేటప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. మా వ్యాపారుల సంఘం ఏటా పెట్టే సదస్సుకు అతిథులను పిలిచే పని నాది. షట్టరు దించి వచ్చినవాళ్లకు ఆ రోజు బేరం పోయినట్టే. అందుకే అతిథి మాట్లాడే గంటలో వాళ్లకు పనికొచ్చే మాటలు దొరకాలని నా పట్టుదల. ఈ బాధ్యత కొత్తగా తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు తేదీ. నెలలో 11, 20 తేదీల దగ్గర పెట్టకండి, జీఎస్టీ రిటర్నుల హడావుడి ఉంటుంది. మార్చి అసలే వద్దు, ఏడాది లెక్కలు ముగించే నెల. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణ మండపం సులువుగా దొరుకుతుంది. కానీ బట్టల షాపులకు అదే సేల్ సీజన్, వాళ్లు రాలేరు. మీ సభ్యుల్లో గుంటూరు మిర్చి వ్యాపారులుంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వదిలేయండి, అప్పుడు యార్డుకు సరుకు ముంచుకొస్తుంది.

ఎవరిని పిలవాలన్న దగ్గర కమిటీలో చర్చ ఎంతకీ తెగదు. వచ్చే అతిథిని మనవాళ్లు ఏం అడుగుతారు అన్నదే నేను చూస్తాను. శ్రీకాంత్ బొల్లా గారినే తీసుకోండి. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టారు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపులో సీటు కోసం పోరాడాల్సి వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. వింటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. అయితే అలాంటి మనిషిని పిలిచి కష్టాల కథ ఒక్కటే చెప్పించుకుని పంపడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆయన ఫ్యాక్టరీ నడిపే మనిషి. పోక మట్టలతో ప్లేట్లు, పాత కాగితంతో ప్యాకింగ్ సరుకు తయారుచేసే కంపెనీ అది. మొదటి ఆర్డరు ఎలా పట్టారు? ముడిసరుకు ధర పెరిగితే పాత రేటుకు ఒప్పుకున్న ఆర్డరును ఏం చేస్తారు? రతన్ టాటా పెట్టుబడి పెట్టే ముందు ఏ లెక్కలు అడిగారు? మన సభ్యులకు కావలసింది ఈ జవాబులే.

ఈ ప్రశ్నలు సభ్యుల నుంచే రావాలి. రెండు వారాల ముందే వాట్సాప్ గ్రూపులో అడగండి. వాట్సాప్ చూడని పెద్దవాళ్ల షాపులకు వెళ్లి చీటీ మీద రాయించుకోండి. అన్నీ ఒక పేజీకి కుదించి, సభలో ఎవరెవరు కూర్చుంటారో కూడా రాసి అతిథికి పంపండి. లారీలకు బాడీ కట్టే షెడ్డు వాళ్లు ఎందరు, రైసు మిల్లర్లు ఎందరు, తెలుగులో మాట్లాడితే బాగుంటుందా అన్నది ఆయనకు ముందే తెలియాలి. తర్వాత ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి.

మా దగ్గర చీటీల్లో ఎప్పుడూ ఎక్కువగా వచ్చేది బాకీల ప్రశ్న. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇవ్వాల్సిన డబ్బు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో ఇచ్చేయాలి. పెద్ద కంపెనీ అధిపతి అతిథిగా వస్తుంటే, మీ దగ్గర ఇది ఎలా అమలవుతోందని తప్పక అడగాలి. కానీ ముందే రాసి పంపండి. వేదిక మీద హఠాత్తుగా అడిగితే రెండు మర్యాద మాటలతో సరిపెడతారు. ముందే తెలిస్తే అకౌంట్స్ వాళ్లను కనుక్కుని వస్తారు.

ఫీజు ఇచ్చేటట్టయితే టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచే ముందుగా కోసే ఆదాయపు పన్ను) విషయం ముందే చెప్పి పాన్ నంబరు తీసుకోండి. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లయితే బిల్లులో 18 శాతం అదనంగా పడుతుంది, బడ్జెట్‌లో కలుపుకోండి.

ఇక ఆ రోజు సమయాన్ని మింగేసేది వేదికే. జ్యోతి ప్రజ్వలన అయ్యాక కార్యవర్గాన్ని మొదటి వరుసలో కూర్చోబెట్టండి. పైన అతిథి, ప్రశ్నలు చదివేవాళ్లు ఉంటే చాలు. పరిచయం రెండు నిమిషాలు దాటకూడదు. శాలువా, మెమెంటో ప్రసంగం తర్వాత, ఒక్కరి చేతుల మీదుగా ఇప్పించండి. ప్రసంగం 11 గంటలకు పెట్టండి, భోజనాల తర్వాత పెడితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. అరగంట మాటలు, అరగంట ప్రశ్నలు. చీటీల మీదవి అయ్యాకే మైకు సభలోకి పంపండి.

భోజనానికి అతిథిని విడిగా గదిలోకి తీసుకెళ్లకండి. ప్రశ్నలు రాసిచ్చిన చిన్న షాపుల వాళ్లను నలుగురిని ఆయన టేబుల్ దగ్గరే కూర్చోబెట్టండి. ఆయనకు గన్నవరంలో ఫ్లైటు ఉంటే కారు, డ్రైవరు నంబరు పొద్దున్నే ఇచ్చేయండి. టైమ్ టెన్షన్ లేకపోతే ఆ నలుగురితో కాసేపు తీరిగ్గా మాట్లాడతారు.