ఇల్లు కట్టిస్తున్నారా? సైట్లో ఎవరికీ ఏమీ కాకుండా చూసుకోవడం ఎలా

సొంతిల్లు కట్టించేవాళ్లు సిమెంటు బస్తాలు లెక్కపెడతారు, స్టీలు తూకం దగ్గర నిలబడతారు, ఇటుకని ఇటుకతో కొట్టి చప్పుడు వింటారు. మరి పనివాళ్లు పడిపోకుండా చూసేది ఎవరంటే ఓనరు మేస్త్రీ వైపు, మేస్త్రీ సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే చెక్క, రేకుల అచ్చు) వాళ్ల వైపు చూస్తారు. అపార్ట్‌మెంట్ సైట్లు పెద్దవైతే సేఫ్టీ ఆఫీసరని ఒకరుంటారు, మన 200 గజాల సైట్లో ఆ పని మీదే. నాకూ ఇది ఆలస్యంగానే తెలిసొచ్చింది, మెట్ల కోసం వదిలిన ఖాళీలోంచి ఒక కుర్రాడు కిందపడి మడమ విరగ్గొట్టుకున్నాక.

అందుకే రేటు మాట్లాడుకునే రోజే హెల్మెట్లు, బెల్టులు, తాళ్లు ఎవరు తేవాలో కాగితం మీద రాసుకోండి. నన్నడిగితే ఐఎస్ఐ గుర్తున్నవి చూసి మీరే కొనేయండి, చదరపు అడుగు రేటులో కలిపేస్తే మేస్త్రీ మొదట మిగుల్చుకునేది అక్కడే.

పునాది గుంతల దగ్గర చాలామంది చేసే తప్పు, తవ్విన మట్టిని అంచునే కుప్ప పోయడం. ఆ బరువుకే గట్టు జారుతుంది, నల్లరేగడి అయినా ఇసుక నేల అయినా ఇంకా తొందరగా. మట్టి కనీసం ఐదడుగుల దూరంలో పడాలి, జేసీబీ, ట్రాక్టరు అంచుకి రాకూడదు, గుంత ఐదడుగులు దాటితే గోడలు నిట్టనిలువుగా ఉంచకుండా వాలుగా చెక్కించండి, దిగడానికి నిచ్చెన వేయించండి. వాన పడిన మర్నాడు అంచుల్లో బీటలు వచ్చాయేమో చూశాకే ఎవరినైనా దిగనివ్వండి. పక్కింటి గోడ ఆనుకుని తవ్వాల్సి వస్తే మొత్తం ఒకేసారి తవ్వించొద్దు, ఇంజనీరుని పిలిచి ముక్కలుముక్కలుగా చేయించండి.

కరెంటు సంగతి. ఇనుప చువ్వ 40 అడుగుల పొడవుంటుంది. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకీ ఇంటికీ మధ్య పక్కనుంచి 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండాలని నిబంధన, కానీ ఆ ఖాళీ కట్టిన ఇంటికి పనికొస్తుందేగానీ పైకి లేపుతుంటే ఊగే చువ్వకి ఏం పనికొస్తుంది? లైను ఉన్న వైపు నుంచి చువ్వలు పైకెక్కించడం అసలు వద్దు, అటువైపు తప్ప దారి లేకపోతే విద్యుత్ శాఖ వాళ్లతో మాట్లాడి ఆ కాసేపు సప్లై ఆపించుకోండి. కింద కూడా అంతే, తాత్కాలిక బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతేనే సప్లై తెంచేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం, జాయింట్లు క్యూరింగ్ నీళ్లలో పడేయడం, ఈ రెండూ కనిపిస్తే మొహమాటపడకుండా మెయిన్ దింపేయండి.

ఎత్తు మీద పనిలో ముందు చూడాల్సింది ఖాళీలు. మెట్ల దారి, డక్టు (పైపుల కోసం వదిలే సందు), లిఫ్టు గుంత, స్లాబ్ అంచు. సెంట్రింగ్ విప్పిన రోజే వాటి చుట్టూ నడుము ఎత్తున కర్రలు కట్టించాలి, రేపంటే కుదరదు. ఖాళీ మీద వదులుగా పలక పడేయడం మరీ ప్రమాదం, గట్టిగా ఉందనుకుని కాలేస్తారు. గోవా (పరంజా) కట్టాక మేస్త్రీని పైకెక్కి నడవమనండి, ఆయన వెనకాడితే అర్థమైపోతుంది. నిలబడేచోట ఒక్క పలక సరిపోదు, పక్కపక్కన రెండు మూడు వేసి కట్టాలి. బెల్టు కొక్కెం గోవా కర్రకి తగిలిస్తే గోవాతో పాటే మనిషీ పోతాడు, పిల్లర్‌కో బీముకో కట్టిన తాడుకి తగిలించాలి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి ఎడంగా, పైన మూడడుగులు మిగిలేలా పెట్టాలి. పైకి పొడుచుకొచ్చిన పిల్లర్ చువ్వల మీద వాటర్ బాటిళ్లు బోర్లిస్తే గీసుకోకుండా కాపాడతాయంతే, పైనుంచి పడితే ఆపవు, చివర్లు వంచించడమో మీద చెక్క బిగించడమో చేయించండి.

జాకీలు (స్లాబ్, బీముల కింద ఆనించిన నిలువు ఊతాలు) తీసే రోజు దగ్గర గొడవ తప్పదు, సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకి పోవాలి మరి. స్లాబ్ స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14. బీముల కింద 6 మీటర్ల దాకా 14, ఆపైన 21. ఇవి కాంక్రీటు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పే కనీసపు రోజులు, అదీ ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకి. మనం వాడేది ఎక్కువగా పీపీసీ (బూడిద కలిసిన సిమెంటు), అది మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి ఇంజనీరుని అడగకుండా ఒక్క జాకీ కూడా కదలనివ్వొద్దు.

నాకు అన్నిటికంటే భయం సంపు అంటే. మూత వేసిన కొత్త సంపులో తడి చెక్క కుళ్లి గాల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది, సెంట్రింగ్ విప్పడానికి దిగినవాడు కేక కూడా వేయకుండా పడిపోతాడు, అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. మూత ముందురోజే తెరిచి, దిగేముందు బ్లోయర్‌తో చాలాసేపు గాలి కొట్టించండి. దీపం దించి చూడటం నమ్మొద్దు, దీపం వెలుగుతున్నా విషవాయువు ఉండొచ్చు. దిగేవాడి నడుముకి తాడు, ఆ తాడు పట్టుకుని పైన ఇద్దరు, కిందివాడు మాట్లాడటం ఆపితే పైకి లాగడమే, ఎవరూ దిగకూడదు. పని అయ్యాక మూతకి తాళం, ఎందుకంటే వాచ్‌మన్ పిల్లలు ఆడుకునేది అక్కడే.

మిగతావి గబగబా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే మొదలుపెట్టి, పన్నెండు నుంచి నాలుగు దాకా ఆపేయండి, నీడలో చల్లని నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉండాలి. కంట్లో సిమెంటు పడితే నలపకుండా పావుగంటైనా మంచినీళ్లతో కడిగి ఆస్పత్రికి పంపండి. టైల్సు, గ్రానైటు కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, ముఖానికి కట్టిన కండువా ఆ సన్నటి దుమ్ముని ఆపదు. స్లాబ్ మీద మడి కట్టిన నీళ్లు వారం నిలవుంటే డెంగీ దోమలు తయారవుతాయి, మధ్యలో ఒకసారి తీసేసి కొత్తవి పట్టించండి.

చివరగా, కొత్త వెంచర్లలో 108 వాళ్లకి అడ్రసు చెప్పడమే పెద్ద టెన్షన్. ప్లాటు నంబరు, దగ్గర్లోని గుడో బంకో, మీ ఫోన్ నంబరు ఒక రేకు మీద పెయింటుతో రాయించి గేటు దగ్గర కట్టించండి, భూమిపూజ రోజే.