స్కాట్లాండ్‌లోని పాతకాలపు గ్రామం కూరస్‌ను, దాని పరిసరాలను ఎలా చూడాలి?

స్కాట్లాండ్‌కు వెళ్లిన తెలుగువారిలో ఎక్కువమంది ఎడిన్‌బరో కోటను చూసి, ఉత్తరాన కొండల వైపు ఒక బస్సు యాత్ర చేసి తిరిగి వచ్చేస్తారు. ఎడిన్‌బరో నుంచి ఒక్క రోజులో హాయిగా వెళ్లి రాగలిగిన కూరస్ గ్రామం వారి జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే సముద్రపు పాయకు ఉత్తరపు ఒడ్డున, ఫైఫ్ ప్రాంతంలో ఉన్న ఈ ఊరి పేరు రాతలో ‘కల్‌రాస్’లా కనిపించినా స్థానికులు ‘కూరస్’ అనే పలుకుతారు. బస్సు డ్రైవరును అడిగేటప్పుడు ఆ ఉచ్చారణే పనికొస్తుంది.

పదహారు, పదిహేడు శతాబ్దాల వీధులు, ఇళ్లు దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన ఊరు ఇది. పసుపు మట్టి రంగు గోడలను, ఎర్రటి పెంకుల కప్పులను ఫొటోలు తీసుకుని వెళ్లిపోవాలంటే గంటసేపు చాలు. ఆ గోడలను నిలబెట్టిన బొగ్గు, ఉప్పు, ఇనుప పనుల ఆనవాళ్లను వెతుక్కుంటూ నడిస్తే మాత్రం రోజంతా పడుతుంది. నేను రెండో పద్ధతినే సూచిస్తాను, కింది క్రమం కూడా దానికి తగినదే.

మొదటి అడుగు: రోజును ఎంచుకోవడం

మే నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం. జూన్ నెలలో అక్కడ పగలు పదిహేడు గంటలకు పైగా ఉంటుంది, డిసెంబరులో ఏడు గంటల చుట్టుపక్కలే. ఊరిలోని ముఖ్య భవనమైన కూరస్ ప్యాలెస్‌ను చలికాలంలో చాలావరకు మూసి ఉంచుతారు, తెరిచే రోజులు ఏడాదికేడాది మారుతుంటాయి. అందువల్ల బయలుదేరే ముందు దాని నిర్వాహకులైన నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వెబ్‌సైటులో ఆ రోజు వేళలను తప్పక చూసుకోవాలి. భారతదేశం నుంచి వెళ్లేవారికి బ్రిటన్ సందర్శకుల వీసా సరిపోతుంది, స్కాట్లాండ్‌కు వేరే వీసా ఉండదు.

ఎడిన్‌బరో, గ్లాస్గో, డండీ విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్న మన పిల్లలు స్నాతకోత్సవానికి అమ్మానాన్నలను పిలిపించుకోవడం ఇప్పుడు పరిపాటి అయింది. పెద్దవారితో వెళ్లేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఊరి సందులు ఏటవాలుగా, గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే జారుతాయి. ప్యాలెస్ లోపలి మెట్లు ఇరుకు. కాబట్టి పట్టు ఉన్న బూట్లు, వాన ఆపే పైకోటు, దాని కింద విప్పుకోవడానికి వీలైన ఒకటి రెండు పొరల దుస్తులు అందరికీ అవసరం. ఒకే పూటలో ఎండ, జల్లు, చలిగాలి మూడూ వచ్చిపోవడం అక్కడ మామూలే.

రెండో అడుగు: చేరుకోవడం

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్ నుంచి డన్‌ఫర్మ్‌లిన్‌కు రైలులో ముప్పావుగంట లోపే చేరుకోవచ్చు. ఈ దారిలోనే 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెన వస్తుంది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఎర్రటి ఉక్కు వంతెనను దాటేటప్పుడు, వెళ్లేదారిలో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే పడమరగా ఉన్న రెండు రోడ్డు వంతెనలతో పాటు మీరు వెళ్లబోయే తీరం వైపు కూడా చూపు సాగుతుంది. డన్‌ఫర్మ్‌లిన్ నుంచి కూరస్ సుమారు 12 కిలోమీటర్లు, బస్సు ఉంటుంది. నగరపు బస్సుల్లా పది నిమిషాలకొకటి రాదు కనుక తిరుగు బస్సు వేళను దిగగానే ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మంచిది. కారులో వెళ్లేవారు ఊరి రెండు చివర్లలో ఉన్న పార్కింగ్ స్థలాల్లో బండి ఆపి నడవాలి. సందులు గుర్రపు బండ్ల కాలం నాటివి, వాటిలోకి కారు తీసుకువెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

మూడో అడుగు: సముద్రం ఒడ్డు నుంచి మొదలుపెట్టడం

చాలామంది నేరుగా ప్యాలెస్‌కు వెళ్తారు. మీరు ముందుగా ఒడ్డుకు వెళ్లి నీటి వైపు తిరిగి నిలబడండి. ఈ ఊరి సంపద ఆ నీటి కింద నుంచే వచ్చింది.

జార్జ్ బ్రూస్ అనే వర్తకుడు 1575లో ఇక్కడి బొగ్గు గనిని కౌలుకు తీసుకున్నాడు. ఒడ్డున తవ్విన బావి నుంచి సముద్రం అడుగుకు సొరంగాలు తొలిపించి, ఆటుపోట్లు తిరిగే చోట గుండ్రని రాతి గోడ కట్టించి, దాని నడుమ రెండో బావి తవ్వించాడు. ఊరే నీటిని గుర్రాలు తిప్పే బొక్కెనల గొలుసుతో తోడేవారు. ఆ రెండో బావి మూతి దగ్గరే బొగ్గును నేరుగా ఓడల్లోకి ఎక్కించేవారు. బొగ్గుబాయి అంటే ఏమిటో తెలిసిన సింగరేణి ప్రాంతపు పాఠకులు, ఆవిరి యంత్రం కూడా లేని రోజుల్లో సముద్రం కింద బొగ్గు తవ్వడం ఎంతటి సాహసమో ఊహించగలరు. 1617లో ఆరో జేమ్స్ రాజు ఈ గనిని చూడటానికి వచ్చి, ఒడ్డున దిగి, నడిసముద్రంలో పైకి తేలి, చుట్టూ నీరు చూసి తనను చంపడానికి కుట్ర జరిగిందని భయపడి ‘ద్రోహం’ అని కేక పెట్టాడని ఊరివారు నేటికీ చెప్పుకుంటారు. 1625 మార్చిలో వచ్చిన పెను తుఫాను గనిని ముంచేసింది. అదే ఏడాది బ్రూస్ కూడా కన్నుమూశాడు.

అమ్మకానికి పనికిరాని నాసి బొగ్గుతో ఇక్కడ ఉప్పు వండేవారు. మన నౌపడ ఉప్పు మడుల్లో ఎండ చేసే పనిని, ఎండ చాలని ఆ దేశంలో నిప్పు చేసింది. పెద్ద ఇనుప తొట్లలో సముద్రపు నీటిని కాచి, ఇగిరించి, అడుగున మిగిలిన ఉప్పును తీసేవారు. ఈ పనివారి గురించి సమాచార పలకల మీద కొద్దిగానే రాస్తారు గనుక ఇక్కడ చెప్పడం అవసరం అనుకుంటున్నాను. 1606లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన చట్టం వల్ల బొగ్గు కూలీలు, ఉప్పు వండేవారు యజమాని పత్రం లేకుండా మరొకరి దగ్గర పనికి కుదరడానికి వీలు లేకపోయింది. ఆ కట్టు పూర్తిగా తెగడానికి 1799 దాకా పట్టింది. వెట్టి అనే మాట బరువు మనకు తెలుసు. ప్యాలెస్ గదుల్లోకి వెళ్లేటప్పుడు ఆ బరువును కూడా వెంట తీసుకువెళ్లాలి.

ఒడ్డున ఒక జాగ్రత్త. పోటు తగ్గినప్పుడు బయటపడే బురద నేల గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. దానిలోకి దిగకూడదు.

నాలుగో అడుగు: ప్యాలెస్‌ను, తోటను చూడటం

పేరు ప్యాలెస్ అయినా ఇది రాజులు కట్టుకున్నది కాదు, బ్రూస్ సొంత ఇల్లు. 1597 నుంచి 1611 వరకు విడతలుగా కట్టించాడు. లోపలికి వెళ్లే ముందు పైకప్పు కిటికీల మీద చెక్కిన అక్షరాలను చూడండి. పాత భాగం మీద 1597తో పాటు ఆయన పేరులోని ‘జీ, బీ’ అనే రెండు అక్షరాలు, కొత్త భాగం మీద 1611తో పాటు ‘ఎస్, జీ, బీ’ అనే మూడు అక్షరాలు ఉంటాయి. ఆ మధ్యకాలంలో ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చిందన్నమాట. ఒక మనిషి ఎదుగుదల ఆయన ఇంటి నెత్తిమీద ఒక్క అక్షరం తేడాతో నమోదైంది.

లోపల బాల్టిక్ తీరాల నుంచి వచ్చిన పైన్ చెక్క పలకలు, డచ్ దేశపు పెంకులు, గాజు కనిపిస్తాయి. బొగ్గు, ఉప్పు మోసుకువెళ్లిన ఓడలు తిరిగి వస్తూ తెచ్చిన సరకు అది. అన్నిటికన్నా ఎక్కువ సమయం రంగుల బొమ్మలు వేసిన చెక్క కప్పుల కింద గడపండి. నీతిని బోధించే చిత్రాలు, వాటి కింద పద్యపంక్తులు చాలా వెలిసిపోయి ఉంటాయి కనుక కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడాలి. గది దాటే తొందర ఉన్నవారికి అక్కడ ఏమీ కనిపించదు. ప్రతి గదిలో ఉండే కార్యకర్తలను ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి, వారు అక్కడ ఉన్నదే అందుకు.

ఇంటి వెనుక కొండవాలు మీద మెట్లుమెట్లుగా తోట ఉంది. పదిహేడో శతాబ్దపు ఇంటి పెరట్లో పెరిగే కూరగాయలను, మందు మొక్కలను, పండ్లను ఎంచి పెంచుతున్నారు. స్కాట్స్ డంపీ అనే పొట్టికాళ్ల పాత జాతి కోళ్లు కూడా అక్కడ తిరుగుతుంటాయి. తోట పైమెట్టు దాకా ఎక్కితే పెంకుల కప్పుల మీదుగా ఫోర్త్ పాయ, ఆవలి ఒడ్డున 2025 వరకు చమురు శుద్ధి చేసిన గ్రేంజ్‌మౌత్ పరిశ్రమ కనిపిస్తాయి. ఆ గొట్టాలు దృశ్యాన్ని పాడుచేశాయని విసుక్కునేవారు ఉంటారు గానీ, ఒకప్పుడు కూరస్ కూడా పొగ కమ్మిన పారిశ్రామిక రేవే.

ఐదో అడుగు: సందుల్లో నడవడం

ప్యాలెస్ నుంచి బయటికి రాగానే పురభవనం వస్తుంది. 1626 నాటి ఈ కట్టడానికి 1783లో గడియార గోపురం చేర్చారు. మంత్రగత్తెలన్న నింద మోపిన స్త్రీలను దీని అటకలో బంధించి ఉంచేవారు. అక్కడి నుంచి పైకి నడిచి ‘బ్యాక్ కాజ్‌వే’ అనే సందులో నేలను గమనించండి. నడుమ చదునైన రాళ్ల వరుస కాస్త ఎత్తుగా, రెండు పక్కలా గుండ్రాళ్లు పల్లంగా ఉంటాయి. నడుమ ఉన్న ఎత్తు మీద ఊరి పెద్దలు నడిచేవారని, మిగిలినవారు మురుగు పారే అంచుల వెంట పోవలసి వచ్చేదని చెబుతారు. కూడలిలో యూనికార్న్ అనే ఒంటికొమ్ము గుర్రం బొమ్మతో ఉన్న సంత స్తంభానికి మొదలు 1588 నాటిది, పై భాగాన్ని 1902లో కొత్తగా నిలిపారు.

ఈ సందులు ఒకప్పుడు సుత్తి దెబ్బలతో మోగేవి. ఓట్ రొట్టెలు కాల్చుకునే ఇనుప పెనాలకు కూరస్ పేరుపొందింది. వాటిని తయారు చేసే ప్రత్యేక హక్కును 1599లో రాజు ఈ ఊరి కమ్మరులకు ఇచ్చాడు. 1759లో ఫాల్కిర్క్ దగ్గర కారన్ కర్మాగారం మొదలై పోత ఇనుప పెనాలు చౌకగా దొరకడంతో ఆ వృత్తి కుంగిపోయింది. అప్పటికే బొగ్గు పోయింది, తరువాత ఉప్పు కూడా పోయింది. పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టుకునే స్తోమత ఊరికి లేకపోవడం వల్లనే అవి మిగిలాయి. 1931లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ఆ మరుసటి ఏడాదే ప్యాలెస్‌ను 700 పౌండ్లకు కొని, క్రమంగా చిన్న ఇళ్లను కూడా బాగు చేయించి, వాటిలో మనుషులు నివసించే ఏర్పాటు చేసింది.

ఇప్పటికీ ఆ ఇళ్లలో కుటుంబాలు ఉంటున్నాయి. కిటికీల్లోకి తొంగి చూడటం, గుమ్మాల మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగడం మానుకోవాలి.

ఆరో అడుగు: కొండమీది మఠం

సందు వెంట ఎక్కుతూ పోతే, 1217లో ఫైఫ్ ప్రభువు మాల్కమ్ స్థాపించిన సిస్టెర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం శిథిలాలు వస్తాయి. వాటిని చూడటానికి రుసుము లేదు. మఠంలో మిగిలిన భాగమే నేటి ఊరి చర్చి. లోపల ఉత్తర భాగంలో జార్జ్ బ్రూస్, ఆయన భార్య పాలరాతి రూపాలలో పడుకొని ఉంటే, ముందు వారి ఎనిమిది మంది పిల్లలు మోకరిల్లి ఉంటారు. ప్రార్థన జరుగుతుంటే బయట వేచి ఉండాలి. బయటి సమాధి రాళ్ల మీద కమ్మరుల గుర్తు అయిన సుత్తిని, దాని పైన కిరీటాన్ని వెతకండి.

ఈ ఊరికి ఇంకా పాత కథ ఒకటి ఉంది. గర్భవతి అయిన తెన్యూ అనే రాకుమారిని ఆమె తండ్రి చిన్న పడవలో సముద్రంలోకి వదిలేస్తే, అది కూరస్ ఒడ్డుకు కొట్టుకువచ్చిందని, ఇక్కడ పుట్టిన బిడ్డను సెర్ఫ్ అనే సాధువు పెంచాడని ఐతిహ్యం. ఆ బిడ్డే గ్లాస్గో నగరపు మూలపురుషుడైన సెయింట్ ముంగో. నీటిలో వదిలిన కర్ణుడి కథ విని పెరిగిన మనకు ఇది వెంటనే మనసుకు పట్టుతుంది. ఇక్కడ తల్లి కూడా బిడ్డతో పాటే పడవలో ఉంది. గ్రామానికి తూర్పున రోడ్డు పక్కన, 1503లో కట్టిన ముంగో ప్రార్థనాలయపు పునాదులు ఉన్నాయి.

ఏడో అడుగు: పరిసరాలలో నడక

మధ్యాహ్న భోజనానికి ఊరిలో టీ దుకాణాలు ఉన్నాయి. శాకాహారులు సూప్, కాల్చిన బంగాళాదుంప, స్కోన్ వంటివాటి కోసం అడగవచ్చు. పులిహోర కట్టుకుని వెళ్లి ఒడ్డున బల్ల మీద కూర్చుని తిన్నా ఎవరూ అభ్యంతరపెట్టరు, చెత్తను మాత్రం వెంట తెచ్చుకోవాలి.

పెద్దవారు తోడుంటే తీరం వెంట తూర్పుకు నడవండి. కింకార్డిన్ నుంచి న్యూబర్గ్ వరకు 187 కిలోమీటర్లు సాగే ఫైఫ్ తీర మార్గంలో ఇది ఒక చిన్న ముక్క, చాలావరకు చదునుగా ఉంటుంది. లో వ్యాలీఫీల్డ్ దాటాక ప్రెస్టన్ ద్వీపం వస్తుంది. సర్ రాబర్ట్ ప్రెస్టన్ పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కట్టించిన గని, ఉప్పు కొట్టాల మొండి గోడలు అక్కడ నిలిచి ఉన్నాయి. 2016లో మూతపడిన లాంగానెట్ విద్యుత్ కేంద్రపు బూడిదతో చుట్టూ నేల పూడిపోయి అది ఇప్పుడు ద్వీపం కాకుండా పోయింది. పక్కనే ఉన్న టోరీ బే బురద మేటల మీద చలికాలంలో నీటి పక్షులు పెద్ద సంఖ్యలో వాలుతాయి.

కాళ్లలో సత్తువ ఉన్నవారు ఉత్తరాన డెవిల్లా అడవికి వెళ్లవచ్చు. స్కాట్స్ పైన్ చెట్లు, చిన్న చెరువులు, ఎర్ర ఉడుతలు ఉన్న ఈ అడవిలో, 1645 సెప్టెంబరు 24న ప్లేగుతో చనిపోయిన ముగ్గురు తోబుట్టువుల సమాధి ఒంటరిగా ఉంది. సందర్శకులు దాని మీద చిన్న బొమ్మలు, నాణేలు ఉంచి వెళ్తుంటారు. ఊరికి, అడవికి మధ్య ఏ985 రహదారి మీద వాహనాలు చాలా వేగంగా వస్తాయి, దాటేటప్పుడు తొందరపడకూడదు.

2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో పొలాలు, అడవుల గుండా బాధ్యతతో నడిచే హక్కు అందరికీ ఉంది. తెరిచిన గేటును తిరిగి మూయడం, పైరు మీద కాకుండా గట్టు వెంట నడవడం, గొర్రెలు ఈనే వసంతకాలంలో మందలకు దూరంగా ఉండటం ఆ బాధ్యతలో భాగాలు. పొడవాటి గడ్డిలో నడిచినవారు సాయంత్రం కాళ్లను, మోకాళ్ల వెనుక భాగాన్ని గోమార్ల కోసం పరీక్షించుకోవాలి, వాటివల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు.

అడవి నుంచైనా తీరం నుంచైనా తిరుగు బస్సుకు ఇరవై నిమిషాలు ముందే ఊరికి చేరుకోండి. ఆ కాస్త సమయం మిగిలితే ఒడ్డుకు మరోసారి వెళ్లి పోటు ఎక్కడి దాకా వచ్చిందో చూడండి. ఉదయం బురదగా కనిపించిన చోట నీరు నిండి ఉండవచ్చు. బ్రూస్ గని మనుషులు ఆ నీటి అడుగునే పని చేశారు.